మంచును తోలగలమా?

ప్రశ్న: టీచరుగారూ, మాది పెదగంట్యాడ. మా అబ్బాయి పదో తరగతి చదువుతున్నాడు. మొన్న ఇంగ్లిష్ పేపర్లో ‘డిస్పెల్’ అనే మాట కనబడితే, ‘స్పెల్ అంటే మంత్రం, డిస్ అంటే లేకుండా చేయడం, కాబట్టి మంత్రం తీసెయ్యడం’ అన్నాడు. వాడు ఆడే వీడియో గేమ్‌లోనూ ఈ మాట మంత్రాల దగ్గరే వస్తుందట. నేను నిఘంటువు చూస్తే ‘పారదోలు’ అని ఉంది. పారదోలడమే అయితే మా వీధిలో కుక్కల్ని డిస్పెల్ చేశాం అనొచ్చా? ఎక్స్‌పెల్, రిపెల్ కూడా ఇదేనా? నేను చెబితే వాడు నమ్మడు. మీరు రాస్తే చూపిస్తాను.
– ఒక పాఠకురాలు, పెదగంట్యాడ

జవాబు: అనకూడదమ్మా. కుక్కల్ని అదిలిస్తాం, తరుముతాం, తోలేస్తాం. దానికి ఇంగ్లిష్‌లో ‘డ్రైవ్ అవే’ అన్నా, ‘చేజ్ అవే’ అన్నా సరిపోతుంది. కాళ్ళున్న ప్రాణిని డిస్పెల్ చేయడం ఉండదు. అది ఎందుకో చెప్పే ముందు మీ అబ్బాయి సంగతి చూద్దాం.

వాడు తెలియని మాటను రెండుగా విడదీసి చూశాడు. ముప్పై ఏళ్ళు పిల్లలకి ఇంగ్లిష్ చెప్పినదాన్ని, ఆ అలవాటు ఉన్న పిల్లల్ని చూస్తే నాకు ఎంతో ఇష్టం. కాకపోతే విడదీసిన చోటు తప్పింది. డిస్, స్పెల్ కలిస్తే మధ్యలో రెండు ‘ఎస్’లు ఉండాలి. ఉన్నది ఒక్కటే. కాబట్టి అది డిస్, పెల్. లాటిన్‌లో ‘డిస్పెల్లెరె’ అనే క్రియ నుంచి సుమారు 1400 ప్రాంతంలో ఇంగ్లిష్‌లోకి వచ్చింది. మంత్రం అనే అర్థమున్న ‘స్పెల్’ వేరే ఇంటి పిల్ల. అది పాత ఇంగ్లిష్ మాట, మొదట్లో దానికి కథ, పలుకు అని అర్థం. ఈ రెండింటికీ చుట్టరికం లేదు.

మరి గేమ్‌లో ఎందుకు వస్తుందంటారా? వాడినే అడగండి, అక్కడ ‘డిస్పెల్ మ్యాజిక్’ అని ఉంటుంది. మ్యాజిక్‌ను పోగొట్టు అని. డిస్పెల్‌లోనే మంత్రం ఉంటే పక్కన మళ్ళీ మ్యాజిక్ అని చెప్పక్కర్లేదు కదా. కాబట్టి గేమ్ తప్పు చెప్పలేదు, వాడే కొంచెం తొందరపడ్డాడు.

ఇంకో పొరపాటు ఆ ‘డిస్’ దగ్గర ఉంది. డిస్‌లైక్, డిసగ్రీ లాంటి మాటల్లో చూసి ‘కాదు, లేదు’ అని మనకి అలవాటైపోయింది. లాటిన్‌లో దాని అసలు అర్థం ‘వేరువేరుగా, తలో దిక్కుకి’ అని. ‘డిస్కస్’ అనే మాట చూడండి. లాటిన్‌లో అది దులిపి విడదీయడం. ఒక విషయాన్ని అటూ ఇటూ దులిపి చూడటమే చర్చ. డిస్పెల్‌లోని డిస్ కూడా ఇదే.

ఇక ‘పెల్’. ఇక్కడ కాసేపు ఆగాలి, నాకు ఈ మాట మీద ఉన్న ప్రేమంతా ఇక్కడే ఉంది. లాటిన్‌లో ‘పెల్లెరె’ అంటే కొట్టడం, నెట్టడం, తోలడం. ఈ మూడూ ఒకే మాటలో ఉన్నాయి. పాఠం చెబుతున్న తొలి రోజుల్లో నాకిది వింతగా ఉండేది. కొట్టడమూ తోలడమూ ఒకటెలా అవుతాయి? ఒక సాయంత్రం జవాబు పత్రాలు దిద్దుతుండగా, వంటింట్లోంచి మా అమ్మ ‘ఆ పిల్లాడి భయం ముందు పోగొట్టవే’ అంది. ఎదురింటి పిల్లాడు పరీక్ష టెన్షన్‌తో మా ఇంటికి వచ్చి కూర్చున్నాడు. పోగొట్టు! పో, కొట్టు. మన తెలుగులోనే ఉంది. భయాన్ని పోయేలా కొడతాం. ఇంట్లోంచి వెళ్ళగొడతాం. గుంపును చెదరగొడతాం. దాడిని తిప్పికొడతాం. గోడ పడగొడతాం, పని చెడగొడతాం. వీటిలో నిజంగా దెబ్బ పడేది ఎక్కడ? పడగొట్టడంలో తప్ప మిగతా చోట్ల ‘కొట్టు’కి దెబ్బ పోయి, బలంగా అయ్యేలా చేయడం అనే అర్థం మిగిలింది. లాటిన్ పెల్ కూడా సరిగ్గా ఈ దారిలోనే నడిచింది.

ఇప్పుడు మీరడిగిన మాటలన్నీ తెలుగులో వాటంతట అవే కుదురుతాయి. ఎక్స్‌పెల్‌లో ‘ఎక్స్’ అంటే బయటికి, కాబట్టి వెళ్ళగొట్టు. రిపెల్‌లో ‘రి’ అంటే వెనక్కి, కాబట్టి తిప్పికొట్టు. డిస్పెల్ అక్షరాలా చెదరగొట్టు, వాడుకలో పోగొట్టు. మీ నిఘంటువులోని ‘పారదోలు’ తప్పేమీ కాదు. పాఱు అంటే పరుగెత్తడం, పాఱేలా తోలడమే పారదోలడం. కానీ పరుగెత్తాలంటే కాళ్ళుండాలి. అందుకే ఆ అర్థం చదివి మీకు కుక్కలు గుర్తొచ్చాయి.

నాడిని చూడండి. డాక్టరు చెయ్యి పట్టుకుని చూసే ‘పల్స్’ కూడా ఈ పెల్లెరె నుంచే వచ్చింది. కొట్టుకునేది అని. మనమూ నాడి కొట్టుకుంటోంది, గుండె కొట్టుకుంటోంది అనే అంటాం. కందిపప్పు, పెసరపప్పుల్ని ఇంగ్లిష్‌లో పల్సెస్ అంటారు కదా, అది మాత్రం వేరు. లాటిన్‌లో చిక్కటి జావకి ‘పుల్స్’ అని పేరు, అక్కడి నుంచి వచ్చింది. రెండూ ఒకేలా వినిపించడం వల్ల నా విద్యార్థులు చాలామంది కలిపేసేవారు.

సరే, కాళ్ళున్నవాటిని డిస్పెల్ చేయలేం అన్నాను. దీన్ని నేను నేర్చుకున్నది ఎర్ర సిరా చూసి. డిగ్రీలో ఒక వ్యాసంలో ‘పోలీసులు గుంపును డిస్పెల్ చేశారు’ అని రాశాను. మా లెక్చరరు ఆ మాట చుట్టూ సున్నా చుట్టి పక్కన ‘డిస్పర్స్’ అని రాశారు. నాకు రోషం వచ్చింది. నిఘంటువులో డిస్పెల్ అంటే చెదరగొట్టు అనే ఉంది, గుంపును చెదరగొట్టారనే కదా నేను రాసింది? నిఘంటువు పట్టుకెళ్ళి చూపించాను. ఆవిడ విసుక్కోలేదు. ‘గుంపులో వాళ్ళు చెదిరిపోయాక ఎక్కడికి పోతారు?’ అని అడిగారు. ఇళ్ళకి పోతారన్నాను. ‘మరి అనుమానం పోయాక ఎక్కడికి పోతుంది?’ అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఎక్కడికీ పోదు. ఉండటం మానేస్తుంది. అంతే.

ఆ రెండు ప్రశ్నల్లో మొత్తం ఉంది. డిస్పర్స్‌కి మూలం లాటిన్‌లో చల్లడం, వెదజల్లడం అనే క్రియ. చల్లిన గింజ గింజగానే ఉంటుంది, చోటే మారుతుంది. గుంపులో మనుషులూ అంతే. డిస్పెల్ చేసినది మాత్రం చెదిరిన తర్వాత ఎక్కడా మిగలదు. అందుకే ఈ రోజు ఇంగ్లిష్‌లో దాని పక్కన కనబడేవి భయం, అనుమానం, అపోహ, వదంతి, భ్రమ, చీకటి, మంచు. దేన్నీ చేత్తో పట్టుకోలేం.

మంచు అన్నాను కాబట్టి, డిసెంబరులో ఎప్పుడైనా లంబసింగి వెళ్ళి ఉంటే మీకు వెంటనే తెలుస్తుంది. మేము తెల్లవారుజామున వెళ్ళాం. ముందు నడుస్తున్న మా చెల్లెలి శాలువా రంగు కూడా కనిపించలేదు. ఆ మంచును విసనకర్రతో తోలగలమా? చేతులతో నెట్టగలమా? టీ తాగుతూ నిలబడ్డాం. ఎండ కొండ మీదికి ఎక్కేసరికి ముందు చెట్ల తలలు, తర్వాత రోడ్డు, తర్వాత లోయ కనిపించాయి. మంచు ఎటు పోయిందో చూసినవాళ్ళు లేరు. సూర్యుడు చేసిన ఆ పనికే ఇంగ్లిష్‌లో డిస్పెల్ అని పేరు. మన పత్రికల్లో ‘పటాపంచలు చేశాడు’ అని రాస్తారు చూడండి, డిస్పెల్‌కి అంతకంటే దగ్గరి తెలుగు మాట నాకు దొరకలేదు. అనుమానాలు పటాపంచలయ్యాయి అంటాం, కుక్కలు పటాపంచలయ్యాయి అనం.

వదంతి సంగతి కూడా చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన విశాఖ దగ్గరే తీరం దాటింది. మేముండేది మర్రిపాలెం. వేపచెట్టు గేటు మీద పడిపోయింది, కరెంటు లేదు, ఫోన్లు పలకవు. రెండు రోజుల తర్వాత బిందెలు పట్టుకుని నీళ్ళ ట్యాంకరు కోసం నిలబడ్డ చోట ఒక మాట పుట్టింది. మొన్న వచ్చినవి రెండు తుఫానులట, ఈ రాత్రికి మూడోది వస్తుందట! రెండని ఎందుకన్నారంటే, ఆ రోజు హోరున వీచిన గాలి మధ్యలో కాసేపు ఆగిపోయింది. అయిపోయిందనుకుని కొందరు బయటికొచ్చారు. అంతలో ఎదురు దిక్కు నుంచి మళ్ళీ కొట్టింది. ఒక తుఫాను వెనకే ఇంకొకటి వచ్చిందని నమ్మడానికి ఆ అనుభవం చాలు. ముసలివాళ్ళు వణికిపోయారు. ఒకావిడ పిల్లల్ని తీసుకుని బొబ్బిలి వెళ్ళిపోతానని సంచి సర్దుకుంది.

మా వీధి చివర వాతావరణ శాఖలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఉండేవారు. ఆయన బిందెల వరస దగ్గరికి వచ్చి, చేతికర్రతో బురదలో ఒక గుండ్రం గీశారు. తుఫాను గాలి ఇలా సుడి తిరుగుతుంది, మధ్యలో ఖాళీ ఉంటుంది, దాన్ని తుఫాను కన్ను అంటారు, ఆ కన్ను మన మీదుగా పోయినప్పుడు గాలి ఆగుతుంది, కన్ను దాటగానే సుడి రెండో పక్క తగులుతుంది కాబట్టి గాలి ఎదురు దిక్కు నుంచి వీస్తుంది అన్నారు. అంటే మొన్న వచ్చింది ఒక్కటే. సముద్రం మీద తుఫాను బలం పుంజుకోవడానికి రోజులు పడుతుంది, పూటలో పుట్టి మీద పడదు అని కూడా చెప్పారు. ఎవరినీ కసరలేదు, పుకార్లు పుట్టిస్తున్నారని తిట్టలేదు. సంచి సర్దుకున్నావిడ మళ్ళీ వచ్చి బిందె పెట్టుకుంది. హి డిస్పెల్డ్ ద రూమర్. ఈ మాటకి ఇంతకంటే మంచి ఉదాహరణ నా బతుకులో లేదు. వదంతిని నోరు మూయించి ఆపితే దాన్ని ఇంగ్లిష్‌లో ‘సప్రెస్’ అంటారు, అణచడం. అప్పుడది లోపల అలాగే ఉంటుంది. విషయం తెలిసిపోయి దానంతట అది విడిపోతేనే డిస్పెల్.

తెలుగులో సందేహ నివృత్తి అంటాం. నివృత్తి అంటే సంస్కృతంలో వెనక్కి మళ్ళడం. ఆ మాటలోని బొమ్మ రిపెల్‌కి దగ్గరగా ఉంటుంది, పని మాత్రం డిస్పెల్‌ది.

రిపెల్ గురించి నాలుగు మాటలు. శత్రువుల దాడిని తిప్పికొట్టడం రిపెల్. అయస్కాంతాల ఒకే రకం ధ్రువాలు ఒకదాన్నొకటి నెట్టుకోవడం రిపెల్, మీ అబ్బాయి భౌతికశాస్త్రంలో దాన్నే వికర్షణ అని చదివి ఉంటాడు. రెయిన్‌కోటు గుడ్డ నీటిని లోపలికి రానివ్వకపోతే వాటర్ రిపెల్లెంట్. మనకి రోజూ అవసరపడేది దోమల రిపెల్లెంట్. గెడ్డ పక్కన ఇల్లున్నవాళ్ళకి దీని విలువ తెలుసు. ఒంటికి రాసుకునే క్రీము మీద ఆ మాట ఉంటే అది దోమను దగ్గరికి రానివ్వదని అర్థం, చంపుతుందని కాదు. చంపేదైతే దాని పేరు ‘ఇన్‌సెక్టిసైడ్’. తెలుగులో రెండింటినీ దోమల మందు అనేస్తాం కాబట్టి, రాసుకున్నాక గదిలో దోమ ఎగురుతూ కనిపిస్తే మందు పనిచేయలేదని పారేసేవాళ్ళున్నారు. అది కుట్టకుండా ఉంటే మందు తన పని చేసినట్టే. రిపెల్‌కి ఏవగింపు కలిగించడం అనే అర్థం కూడా ఉంది. రిపల్సివ్ అంటే చూడగానే మొహం తిప్పుకోవాలనిపించేది.

ఎక్స్‌పెల్ మీకు తెలిసినదే, బడి నుంచో పార్టీ నుంచో వెళ్ళగొట్టడం. మన దగ్గర దానికి రస్టికేట్ అనే మాట ఎక్కువ. లాటిన్‌లో ‘రుస్’ అంటే పల్లె. రస్టికేట్ అంటే మొదట్లో పల్లెకు వెళ్ళి ఉండటం. ఇంగ్లండు విశ్వవిద్యాలయాల్లో కొంతకాలం పంపేయడాన్ని అలా అంటారు, తిరిగి రావచ్చు. ఎక్స్‌పెల్ చేస్తే తిరిగి రావడం ఉండదు. మన కాలేజీల్లో రెండింటినీ ఒకటే చేసేశారు.

కంపెల్ అంటే బలవంతం. దాని మొదటి బొమ్మ మాత్రం నాకు చాలా ఇష్టం. లాటిన్‌లో అది పశువులన్నిటినీ ఒకచోటికి తోలడం. చోడవరం దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో సాయంత్రం మందను గెడ్డ దాటించే ముందు అలాగే ఒకచోటికి తోలుకొచ్చేవారు. అన్ని దారులూ మూసి ఒక్క దారే ఉంచితే ఎద్దయినా మనిషైనా అటే నడవాలి. కంపల్సరీ అనే మాటలో ఆ మంద ఇప్పటికీ ఉంది. ‘తోలు’ని మనం బండికీ వాడతాం, మా తాతయ్య బండి తోలేవాడు అంటాం. ఇంగ్లిష్ ‘డ్రైవ్’ కూడా అంతే, ముందు పశువుల్ని తోలి, తర్వాత బండికి, ఆ తర్వాత కారుకి వచ్చింది.

ప్రొపెల్ గురించి రాయకుండా ఉండలేను. మా నాన్నగారు షిప్‌యార్డులో ఫిట్టరు. 1948లో నెహ్రూగారు ‘జల ఉష’ ఓడను నీళ్ళలోకి దింపిన యార్డు అది. దాన్ని మొదలుపెట్టిన సింధియా కంపెనీ పేరు మీదే ఆ ప్రాంతాన్ని ఇప్పటికీ సింధియా అంటున్నాం. చిన్నప్పుడు నాన్న నోట ఎక్కువసార్లు విన్న ఇంగ్లిష్ మాట ప్రొపెల్లర్. అన్నం తింటూ కంచంలో వేలితో గీసి, అది నీళ్ళని వెనక్కి నెడుతుంది, ఆ నెట్టుడికే ఓడ ముందుకి పోతుంది అని చెప్పేవారు. ‘ప్రో’ అంటే ముందుకి. పెల్ అంటే ఏమిటో నాన్నకి తెలియదు, కానీ ఆయన చెప్పినదాంట్లో ఆ అర్థం మొత్తం ఉంది. నాకు తెలిసే నాటికి ఆయన లేరు. చెప్పి ఉంటే ఎంత సంతోషించేవారో.

మీ అబ్బాయికి పరీక్షలో పనికొచ్చేవి. డిస్పెల్ చివర ఒక్క ‘ఎల్’ చాలు. డిస్పెల్డ్, డిస్పెల్లింగ్ రాసేటప్పుడు రెండు. పలికేటప్పుడు ఊనిక రెండో భాగం మీద పడుతుంది కాబట్టి అలా రెట్టింపవుతుంది. ఎక్స్‌పెల్, రిపెల్, కంపెల్, ప్రొపెల్‌లకూ ఇదే పద్ధతి. ఈ క్రియకి కర్మ కావాలి. ఎండ మంచును డిస్పెల్ చేసింది అనొచ్చు. మంచు విడిపోయింది అనాలంటే ‘ద ఫాగ్ క్లియర్డ్’ లేదా ‘లిఫ్టెడ్’ అని రాయమనండి. ఎక్స్‌పెల్‌కి ఎక్స్‌పల్షన్, రిపెల్‌కి రిపల్షన్, ప్రొపెల్‌కి ప్రొపల్షన్ ఉన్నాయి కదా అని డిస్పల్షన్ అని రాస్తే మార్కు పోతుంది. వాడుకలో ఆ మాట లేదు. ‘క్వెల్’ అనే మాట ప్రాసకి బాగున్నా ఈ కుటుంబం కాదు. పాత ఇంగ్లిష్‌లో దానికి చంపడం అని అర్థం, ఇప్పుడు అల్లర్లను అణచడానికి వాడతారు.

ఇంకా నమ్మకపోతే ఒక ఆదివారం వాణ్ణి నా దగ్గరికి పంపండి. గేమ్ కూడా తెచ్చుకోమనండి, ఆ స్క్రీన్ నేనూ చూస్తాను.

ప్రశ్న: మేడమ్, ఎన్నికల వార్తలో ఒక అభ్యర్థిని ‘షూ-ఇన్’ అన్నారు. తప్పక గెలుస్తాడని అర్థం తెలిసింది. దీనికీ కాలి బూట్లకీ ఏం సంబంధం?
– ఒక పాఠకుడు, భీమిలి

జవాబు: ఏ సంబంధమూ లేదండీ. ఈ షూలో చివర రెండు ‘ఓ’లు ఉంటాయి. కోళ్ళని, కాకుల్ని తోలేటప్పుడు ఇంగ్లిష్‌వాళ్ళు చేసే శబ్దం అది. వడియాలు ఎండబెట్టి మనం హుష్ అంటాం, వాళ్ళు షూ అంటారు. ఇటలీవాళ్ళు షో అంటారట. ఏ దేశంలోనైనా పిట్టను లేపాలంటే నోట్లోంచి గాలి బయటికి ఊదాల్సిందే కదా, అందుకే ఇవన్నీ ఒకేలా ఉంటాయి. ఇంగ్లిష్ రాతల్లో ఇది పదిహేనో శతాబ్దం నుంచి ఉంది.

షూ-ఇన్ మాత్రం అమెరికా గుర్రప్పందాల మాట, ఇరవయ్యో శతాబ్దపు మొదటి భాగంలోది. జాకీలు ముందే మాట్లాడుకుని తమ గుర్రాల్ని వెనక్కి పట్టుకునేవారు. గెలవాలనుకున్న గుర్రాన్ని కోడిని గూట్లోకి తోలినట్టు గీత దాటించేవారు. ఇప్పుడు ఆ మోసం అర్థం పోయింది, గెలుపు ఖాయం అన్నదే మిగిలింది. కాబట్టి ఆ వార్తలో అభ్యర్థిని అవమానించలేదు. బూటు షూ స్పెల్లింగుతో అచ్చయిన పత్రికలు నేనూ చూశాను. అది తప్పు, మీరు రాసేటప్పుడు రెండు ‘ఓ’లు పెట్టండి.